పొగాకు చేల డబ్బు రేసు కారు మీదికి ఎలా ఎక్కింది?

రేసు కారు మీదో, క్రికెటర్ చొక్కా మీదో కంపెనీ పేరు కనిపిస్తే ఆటకు సాయం చేస్తున్నారని అనుకుంటాం. నిజానికి కంపెనీ అక్కడ మన చూపును కొనుక్కుంటుంది. ఆ ధరనే స్పాన్సర్‌షిప్ అంటారు. ఆ డబ్బు ఎవరి కష్టంలో పుట్టింది, ఎవరి దాకా చేరింది అన్నది గుంటూరు, ప్రకాశం పల్లెల నుంచి చూస్తే బాగా అర్థమవుతుంది.

మోటారు రేసుల్లో ఈ వ్యాపారాన్ని పెంచి పెద్దచేసింది పొగాకు. 1968లో లోటస్ జట్టు తన ఫార్ములా వన్ కార్లకు గోల్డ్ లీఫ్ సిగరెట్ పెట్టె రంగులు వేసింది. తర్వాత జాన్ ప్లేయర్, మార్ల్‌బరో వచ్చాయి. టీవీలో సిగరెట్ ప్రకటనలను ఒక్కో దేశం నిషేధిస్తుంటే, కంపెనీలు కారెక్కి అదే టీవీలోకి వచ్చాయి.

మన దేశంలో ఆ దారి క్రికెట్. 1996 ప్రపంచ కప్ పేరే విల్స్ వరల్డ్ కప్. విల్స్ ఐటీసీ బ్రాండు. నిషేధ బిల్లు వస్తుండగా 2001లో ఐటీసీ తప్పుకుంది. 2003 చట్టం పొగాకు స్పాన్సర్‌షిప్‌ను ఆపేసింది.

ఐటీసీ పొగాకు వ్యాపారానికి గుంటూరు పాత కేంద్రం. చీరాలలో దాని ఐఎల్‌టీడీ ఫ్యాక్టరీ ఉంది. 1976లో ఏర్పడిన పొగాకు బోర్డు ప్రధాన కార్యాలయమూ గుంటూరులోనే. ఆకు కోసేది, కర్రలకు అల్లేది, గ్రేడింగ్ చేసేది ఎక్కువగా కూలీలే. వాళ్లలో దళితవాడల ఆడవాళ్లు ఎందరో. తడి ఆకు పట్టుకుంటే నికోటిన్ చర్మంలోంచి ఒంట్లోకి దిగి తల తిరుగుతుంది, వాంతులవుతాయి. సిగరెట్ లాభంలో వాళ్ల కష్టమూ ఉంది. ఆ లాభం చొక్కాల మీద పేరుగా మారింది తప్ప, వాళ్ల పిల్లలకు ఆటస్థలంగా మారలేదు.

ఎందుకంటే స్పాన్సర్ కెమెరా ఉన్నచోటికే వస్తాడు. రేసర్ కావాలంటే చిన్నప్పుడే కార్టింగ్ మొదలుపెట్టాలి. బండి, టైర్లు, ట్రాక్ అద్దె అన్నీ ఇంటి డబ్బుతోనే. పేరొచ్చాకే కంపెనీ వస్తుంది. భూమి లేని ఇంటి బిడ్డ ఆ మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతాడు. కబడ్డీకి ట్రాక్ అక్కర్లేదు గానీ తిండి, శిక్షణ, దారి ఖర్చులు కావాలి. 2014లో మొదలైన ప్రో కబడ్డీ డబ్బు పైకెదిగిన ఆటగాళ్లకే అందుతుంది.

స్పాన్సర్ వెనక్కి తగ్గినచోట ప్రభుత్వ డబ్బు వెళ్లడమూ చూశాం. హైదరాబాద్‌లో 2023 ఫిబ్రవరి 11న ఫార్ములా ఈ రేసు జరిగింది. మరుసటి రేసుకు ప్రైవేటు భాగస్వామి తప్పుకుంటే, హెచ్‌ఎండీఏ 45 కోట్లకు పైగా కట్టింది. ఆ రేసు చివరికి రద్దయింది. చెల్లింపుల మీద ఏసీబీ కేసు పెట్టింది.

రేసుకు దొరికిన ప్రభుత్వ డబ్బు వాడకు ఎందుకు దొరకదు? ఎస్సీల వాటా ఎస్సీలకే ఖర్చు చేయాలని 2013లో ఉప ప్రణాళిక చట్టం వచ్చింది. ఆ నిధుల్లోంచి ప్రతి దళితవాడకూ ఆటస్థలం, మండలానికో కోచ్, ఆడే పిల్లలకు పోషకాహారం ఇవ్వాలని గ్రామసభల్లో మనం అడగాలి. మన పిల్లలు ఆ మొదటి మెట్టు ఎక్కడానికి కంపెనీ పేరు అక్కర్లేదు, మన వాటా మనకు వస్తే చాలు.