స్వీయ నిర్మిత నమూనా రాకెట్టు

కిట్టులోని భాగాలను మార్చి, కొన్నింటిని చేతితో చేసి నిర్మించే చిన్న రాకెట్టును స్వీయ నిర్మిత నమూనా రాకెట్టు అంటారు. అట్టగొట్టాన్ని పొడిగించినా, బాల్సా రెక్కలను మార్చినా తయారీదారు సరిచూసిన స్థిరత్వం ఇక వర్తించదు. గరిమనాభి గాలి ఒత్తిడి కేంద్రం కంటే కనీసం ఒక గొట్టపు వ్యాసమంత ముందుండాలి. లేనిచో రాకెట్టు పల్టీలు కొడుతుంది. బరువైన మోటారు అమర్చితే గరిమనాభి వెనుకకు జరుగుతుంది, అందుచేత ముక్కులో బంకమట్టి కూరుతారు. మోటారుతో సహా రాకెట్టును గరిమనాభి వద్ద దారానికి కట్టి తల చుట్టూ తిప్పాలి. ముక్కు ముందుకే సాగితే అది స్థిరమైనదే. ఈ కేంద్రాన్ని లెక్కించే సూత్రాలను జేమ్స్ బారోమన్ 1960లలో రూపొందించాడు.

భారతదేశంలో మందుగుండు 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం పరిధిలోనిది. ఇంట్లో మోటారు తయారీ చట్టవిరుద్ధమే కాక ప్రాణాంతకం. విద్యార్థులకు సోడా సీసాతో చేసే నీటి రాకెట్టు మేలు, స్థిరత్వ నియమం దానికీ ఇదే. బేగంపేట, హకీంపేట వైమానిక స్థావరాలు చేరువలో ఉన్నందున సికింద్రాబాదులో ఏ రాకెట్టునైనా అనుమతి లేనిదే ఎగురవేయరాదు.