రంగు వేసే ముందు ఒక్క రోజు

పెళ్లిళ్ల రోజులు, పండుగ రోజులు వచ్చాయంటే రాజమండ్రి మొదలు నరసాపురం వరకు సెలూన్లలో తలకు రంగు వేయించుకొనేవారు బారులు తీరుతారు. ఆ తొందరలో ముందుగా చేయవలసిన పరీక్షను మరచిపోతుంటారు.

నల్లరంగు డైలలో చాలావాటిలో పారాఫినిలిన్ డయామిన్ అనే రసాయనం ఉంటుంది. ఇది అందరికీ పడదు. పడనివారికి దురద, బొబ్బలు, కనురెప్పల వాపు వస్తాయి. ఏళ్ల తరబడి పడినవారికి కూడా ఒకనాడు పడకపోవచ్చు. వెంటనే నల్లగా పండే ‘హెన్నా’ పొడుల్లోనూ ఇది ఉండవచ్చు. మన పెరటి గోరింటాకు ఎర్రగానే పండుతుంది గదా!

అందుకే మన దేశపు 1945 నాటి ఔషధ, సౌందర్య సాధనాల నిబంధనలు ఇటువంటి డైలపై హెచ్చరికను ఇంగ్లీషులోను, స్థానిక భాషలలోను ముద్రించాలన్నాయి. పరీక్ష సులువైనదే. చెవి వెనుక సబ్బుతో కడిగి, కలిపిన రంగు కొద్దిగా రాసి, 24 గంటలు ఆగాలి. మంట గాని, ఎరుపు గాని కనిపిస్తే ఆ రంగు వాడరాదు. ఈ పరీక్ష ప్రతిసారీ చేయాలి. కనుబొమలకు, కనురెప్పలకు మాత్రం ఎన్నడూ వేయరాదు, చూపే పోవచ్చు.

రోజూ రంగు కలిపే చేతులకు ముప్పు మరీ ఎక్కువ. కాబట్టి సెలూన్లో అనుభవమున్నవారు కొత్తగా చేరిన కుర్రవాడికి కత్తెర పట్టడంతోపాటు చేతి తొడుగులు వేసుకోవడం, ఈ పరీక్ష చేయడం కూడా నేర్పాలి. రంగు వేయించుకొనేవారు ఒక రోజు ముందుగా వెళ్లి అడిగితే, ఆ నేర్పు నలుగురికీ మేలవుతుంది.