కారు ఏసీలోకి ఎలుకలు దూరకుండా ఏం చేయాలి?

ఏసీ ఆన్ చేయంగనే కార్ల కంపు వాసన వస్తుందా? బ్లోయర్ తిరిగినప్పుడు లోపల కాగితం కొట్టుకున్నట్టు చప్పుడు వస్తుందా? అయితే కొత్త పర్ఫ్యూమ్ కొనుడు ఆపండి. లోపల చిట్టెలుక గూడు పెట్టి ఉండొచ్చు.

మన కామారెడ్డి, ఎల్లారెడ్డి దిక్కు చెరువుల కింద, బోర్ల కింద వరి ఎక్కువ. వానాకాలం పంట కోసినంక ఒకసారి, యాసంగి కోతలు అయినంక ఇంకోసారి, పొలంలో ఎలుకలకు తిండి, దాగే జాగా రెండూ పోతయ్. అవి ఇండ్ల దిక్కు వస్తయ్. మన దగ్గర గల్ఫ్ పోయినోళ్లు చాలామంది ఉన్నరు. వాళ్ల కార్లు నెలలకొద్దీ కవర్ కప్పుకొని ఇంటి ముందే ఉంటయ్. ఎలుకకు ఇంతకన్నా మంచి కిరాయి ఇల్లు ఏడ దొరుకుతది?

ఇప్పుడు అసలు దారి చూద్దాం. ముందు అద్దం కింద, వైపర్ల దగ్గర నల్ల ప్లాస్టిక్ జాలి ఉంటది కదా, దాని కిందనే బయటి గాలి లోపలికి పోయే రంధ్రం ఉంటది. టైరు మీద నుంచి ఎక్కి, ఇంజన్ రూమ్ దాటి, ఎలుక అక్కడికి చేరుతది. చిట్టెలుకకు పెన్సిల్ మందం సందు చాలు, అంటే సుమారు 6 మిల్లీమీటర్లు. అక్కడి నుంచి క్యాబిన్ ఫిల్టర్ కొరికి గూటికి వాడుకుంటది. దాని పండ్లు బతికినంత కాలం పెరుగుతనే ఉంటయ్, అందుకే ఏదో ఒకటి కొరుకుతనే ఉంటది. వైర్లు కూడా.

నేను ఐటీలో పని చేసిన కాబట్టి ఇట్ల చెప్తా: వాసన అనేది ఎర్రర్ మెసేజ్ మాత్రమే. బగ్ ఆ రంధ్రం.

చేయాల్సినవి:

1. చాలా కార్లలో గ్లోవ్ బాక్స్ వెనుక క్యాబిన్ ఫిల్టర్ ఉంటది. తీసి చూడండి. జీలకర్ర గింజల లెక్క నల్లటి పెంటికలు కనిపిస్తే ఎలుక వచ్చినట్టే.

2. మెకానిక్‌తో వైపర్ల కింది ప్లాస్టిక్ తీయించి, గాలి రంధ్రానికి స్టీల్ జాలి బిగించండి. కన్నాలు 6 మిల్లీమీటర్ల కన్నా చిన్నగుండాలి. ప్లాస్టిక్ జాలి వద్దు, కొరుకుతది. గుడ్డలు కుక్కొద్దు, గాలి ఆగుతది. వాన నీళ్లు పోయే దారి మూయొద్దు.

3. పార్క్ చేసేటప్పుడు ఏసీని లోపలి గాలి తిరిగే మోడ్‌లో పెట్టి బండి ఆపండి. చాలా కార్లలో బయటి గాలి తలుపు మూసుకుంటది.

4. కార్ల చిప్స్ ముక్కలు, మక్క ప్యాలాలు ఉంచొద్దు. వడ్ల బస్తాలు, గడ్డి పక్కన పార్క్ చేయొద్దు.

5. ఊరికి పోతే, వారానికోసారి బండి తీసి నడిపించమని ఇంట్లో చెప్పండి. బానెట్ ఎత్తి చూడమనండి.

ఎలుకల మందు పెడదామా అంటరు. తిన్న ఎలుక ఏసీ డక్ట్‌లోనే చస్తే వాసనకు డ్యాష్‌బోర్డ్ మొత్తం ఊడదీయాలి. నాఫ్తలీన్ గోలీలు గాలి దారిలో వేస్తే ఆ ఆవిరి మన ఊపిరిలోకే వస్తది. జీ6పీడీ లోపం ఉన్న చిన్న పిల్లలకు దాంతో రక్తకణాలు పగిలిపోయే ప్రమాదం ఉంది. ఇంజన్ మీద ఎండు పొగాకు పెడితే వేడికి అంటుకోవచ్చు.

గూడు దొరికితే వెంటనే ఊడ్వొద్దు, బ్లోయర్ పెట్టి ఊదొద్దు. ఎలుక మూత్రంతో లెప్టోస్పైరోసిస్, అంటే ఎలుక జ్వరం రావచ్చు. కారు ఆఫ్ చేసి, తలుపులు తెరిచి, గ్లౌజులు, మాస్క్ పెట్టుకోండి. ఒక వంతు బ్లీచ్, పది వంతుల నీళ్లు కలిపి గూటిని తడపండి, వైర్ల మీద పడనీయొద్దు. 5 నిమిషాలు ఆగి తీసి, కవర్లో కట్టి పారేయండి. ఫిల్టర్ కొత్తది వేయండి. గూడు బ్లోయర్ లోపలికి పోయి ఉంటే మెకానిక్‌కే ఇవ్వండి.

వెనుక సీట్లో కూర్చునే పిల్లలు, ముసలోళ్లు పీల్చేది ఆ గాలే. కోతలు మొదలు కాకముందే జాలి వేయించండి. గల్ఫ్‌లో ఉండి ఇంటికాడ కారు పెట్టిన దోస్తు ఎవరన్నా ఉంటే, ఇది వాళ్లకు పంపండి.