కోళ్లగూట్లో తొలి దీపం

ఉగాండాలోని ఒక పల్లెలో, ఒక ఇంటికి సోలార్ దీపం వచ్చింది. ఎక్కడ పెట్టమంటావని అడిగితే ఆ ఇల్లాలు కోళ్లగూడు చూపించింది. వెలుతురుంటే కోళ్లు ఇంకాసేపు మేత తింటాయి, గుడ్లు ఎక్కువ పెడతాయని ఆమె లెక్క. మన గోదావరి జిల్లాల్లో కోళ్లఫారం నడిపే ఎవరినడిగినా ఆ లెక్క తప్పనరు. గుడ్లమ్మిన డబ్బుతో ఆమె విత్తనాలు కొంది. తర్వాత మేకను, ఆ తర్వాత ఆవును తెచ్చుకుంది.

ఈ సంగతిని లోకానికి చెప్పింది కేథరిన్ లూసీ. ఇంధన ప్రాజెక్టులకు పెట్టుబడులు సమకూర్చే బ్యాంకరుగా ఇరవయ్యేళ్లకు పైగా పనిచేసిన అమెరికన్ ఆమె. భారతీయ మూలాలున్న నేహా మిశ్రాతో కలిసి ఆమె నెలకొల్పిన సంస్థే ‘సోలార్ సిస్టర్’. 2010లో ఉగాండాలో పని మొదలుపెట్టి టాంజానియాకు, నైజీరియాకు విస్తరించింది. ఇప్పటిదాకా దాని ద్వారా పది వేల మందికి పైగా మహిళలు దీపాల వ్యాపారంలోకి వచ్చారు.

భూమధ్యరేఖ దగ్గరి ఆ ఊళ్లలో ఏడాది పొడుగునా పగలూ రాత్రీ దాదాపు చెరి 12 గంటలు. టాంజానియాలో స్వాహిలీ మాట్లాడేవాళ్లు పగటి గంటల్ని మన పాత ఘడియల్లాగే పొద్దుపొడుపు నుంచి, రాత్రి గంటల్ని పొద్దుగుంకినప్పటి నుంచి లెక్కపెడతారు. మనకు ఉదయం ఏడైతే వాళ్లకు ఒకటి. సాయంత్రం ఏడైతే రాత్రి ఒంటిగంట. వంట, పిల్లల చదువు, పశువుల పని, అన్నీ మిగిలుండగానే చీకటి పడుతుంది. అప్పుడు వెలిగేది ‘కిబటారి’, అంటే రేకు డబ్బాకు ఒత్తి పెట్టిన దీపం. మన కిరసనాయిలు బుడ్డికి అక్కాచెల్లెలే. అలాంటి దీపంలో కాలే నూనెలో వందకు 7 నుంచి 9 పాళ్లు మసి అవుతుందని 2012లో ఒక పరిశోధన తేల్చింది. ఆ మసి ముందు చేరేది పొయ్యి దగ్గర కూర్చున్న తల్లి ఊపిరితిత్తుల్లోకి, బుడ్డి పక్కన పుస్తకం తెరిచిన పిల్లల గొంతులోకి.

నూనె రోజూ కాస్త కాస్త కొనేది ఆడవాళ్లే. దానికెంత పోతోందో వాళ్లకు నోటి లెక్క. కానీ సోలార్ దీపం ధర ఒక్కసారే కట్టాలి. పట్నంలోని దుకాణం దూరం, అమ్మే మనిషి కొత్త. పైగా చవక నకిలీ దీపాలు కొని, నెల తిరక్కుండానే అవి ఆరిపోయాక మోసపోయినవాళ్లు ఊరికి కొందరుంటారు. అలాంటిచోట ప్రకటన పనిచేయదు. పక్కింటి మనిషి మాట పనిచేస్తుంది.

సోలార్ సిస్టర్ పట్టుకున్నది అదే. అమ్మే మహిళ ముందు తన ఇంట్లో దీపం వెలిగించి చూపుతుంది. చర్చిలో, సంతలో, పొదుపు సంఘంలో దాని గురించి చెబుతుంది. అమ్మిన ప్రతి దీపానికీ ఆమెకు కొంత మిగులుతుంది. సెల్‌ఫోను ఛార్జింగుకు సైతం డబ్బిచ్చి పట్నం వెళ్లొచ్చే ఊళ్లో, దీపానికే ఫోను తగిలించుకోవచ్చంటే బేరం ఇంకా తేలిక. అయితే నా మటుకు నాకు అసలు సంగతి అమ్మకం కాదు. దీపం పాడైతే జనం వెళ్లేది ఆమె గడప దగ్గరికే. నీళ్లకెళ్లినా సంతకెళ్లినా రోజూ వాళ్లకే ఎదురుపడాలి కాబట్టి నాసిరకం సరుకు అమ్మడానికి ఆమెకు వీల్లేదు. ఏ కంపెనీ ఇచ్చే గ్యారంటీ కాగితానికీ ఇంత బలం లేదు.

పని ఇంకా చాలా ఉంది. సహారా ఎడారికి దక్షిణాన ఉన్న ఆఫ్రికాలో 60 కోట్ల మంది దాకా కరెంటు లేకుండానే బతుకుతున్నారు. చేతిదీపం ఆ లోటు తీర్చదు. కరెంటు తీగ లాగాల్సిన ప్రభుత్వాల బాధ్యతా దానితో తీరిపోదు.

మన మన్యం గూడేల్లో సోలార్ దీపాలు పంచాలనుకునే అధికారులకూ, దాతలకూ ఒక విన్నపం. దీపాలతో పాటు ఆ గూడెంలోనే ఒక మహిళకు బ్యాటరీ మార్చడం నేర్పండి, నాలుగు విడిభాగాలు ఆమె దగ్గర ఉంచండి, చేసిన పనికి కూలి కట్టివ్వండి.