మేక అడ్డుపడింది

ఈ మధ్య ఒక మేక నన్ను మూడు రోజులపాటు ముప్పుతిప్పలు పెట్టింది. నిజమైన మేక అయితే కర్ర పుచ్చుకొని అదిలించేవాణ్ణి. ఇది కంప్యూటర్ తెరమీది మేక. ఐర్లండులో ఒక పాడుపడిన కోటలో తాడుతో కట్టివేసి వున్నది. దాని పక్కనే భూగర్భంలోకి దిగే నిచ్చెన. ఆ నిచ్చెన దిగితేగాని కథ ముందుకు సాగదు. దిగబోయేసరికి మేక పరుగున వచ్చి మా కథానాయకుణ్ణి ఒక్క కుమ్ము కుమ్ముతుంది. అతడు పడతాడు, లేస్తాడు, దుమ్ము దులుపుకొంటాడు. మళ్ళీ వెళితే మళ్ళీ కుమ్ముతుంది. తెలుగులో ఎం.ఏ. పట్టా పుచ్చుకొని, ఇరవై ఏళ్ళుగా కాలేజీలో పాఠాలు చెబుతున్న నేను శుక్రవారం రాత్రి మొదలుకొని ఆదివారం రాత్రిదాకా ఆ మేకచేత పొడిపించుకొంటూనే వున్నాను.

ఇందులో సిగ్గుపడవలసిందేమీ లేదని తరువాత తెలిసింది. ఈ మేకకు నాకన్నా ముందు దేశదేశాల వాళ్ళు బలి అయ్యారు. పాతికేళ్ళు దాటినా దీన్ని గురించి వాళ్ళ వాదోపవాదాలు ముగియలేదు. ‘గోట్ పజిల్’ అంటే చాలు, ఈ రకం ఆటలు ఆడేవాళ్ళు ఏ మేకో అడగరు.

ఆట పేరు ‘బ్రోకెన్ స్వోర్డ్’. అంటే విరిగిన కత్తి. ఇంగ్లండులోని రెవల్యూషన్ సాఫ్ట్‌వేర్ అనే సంస్థ, చార్లెస్ సెసిల్ అనే ఆయన ఆధ్వర్యాన, 1996లో దీన్ని విడుదల చేసింది. అమెరికాలో ‘సర్కిల్ ఆఫ్ బ్లడ్’ అనే పేరుతో అమ్మారు. జార్జ్ స్టాబర్ట్ అనే అమెరికా యువకుడు పారిస్ నగరానికి విహారానికి వచ్చి ఒక కాఫీ హోటలు ముందు కూర్చొని వుంటాడు. విదూషకుడి వేషంలో ఒకడు లోపలికి వెళ్ళి, ఒక వృద్ధుడి చేతిపెట్టె కాజేసి పారిపోతాడు. మరుక్షణంలో బాంబు పేలుతుంది. వృద్ధుడు చనిపోతాడు. చంపినవాడు ఎవడు, ఎందుకు చంపాడు? అక్కడ మొదలైన వెతుకులాట నికో అనే పత్రికా విలేఖరి తోడ్పాటుతో ఐర్లండు, స్పెయిన్, సిరియా, స్కాట్లండు దాకా పోతుంది. దాని వెనుక మధ్యయుగపు టెంప్లార్ వీరుల రహస్యం వున్నది. కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివ్ నవలలను దుప్పటి ముసుగులో చదివిన ఇళ్ళలో పుట్టినవాళ్ళకు ఇంతకన్నా ఏం కావాలి!

నవలకూ దీనికీ ఒక్కటే తేడా. నవలలో పేజీ మనమే తిప్పుతాం. ఇందులో పేజీ తనంతట తిరగదు, మనం తిప్పితే తిరగదు, ముడి విప్పితేనే తిరుగుతుంది. తెరమీద బొమ్మ వుంటుంది. మౌసుతో వస్తువుమీద నొక్కితే జార్జ్ దాన్ని చూస్తాడు, తీసికొంటాడు, వాడతాడు. మనిషిమీద నొక్కితే మాట్లాడతాడు. అందుకే వీటిని ‘పాయింట్ అండ్ క్లిక్’ ఆటలన్నారు. చూపించు, నొక్కు. అంతే. కాల్పులు లేవు, పరుగుపందాలు లేవు. తీరికగా ఆలోచించుకోవచ్చు. ‘తీరికగా’ అన్న ఈ మాటను పాఠకులు కాస్త గుర్తు పెట్టుకోవాలి. తగవంతా దానిమీదనే.

మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది. ఆ పాత 1996 నాటి కూర్పునే తెచ్చి నా ముందు పెట్టి, “నాన్నా, నువ్వు క్లాసులో అందరికీ బుర్ర వాడమంటావుగా, నీ బుర్ర చూద్దాం” అన్నది. పారిస్‌లో నా బుర్ర బాగానే పనిచేసింది. ఐర్లండులో మేక అడ్డుపడింది.

శనివారం మధ్యాహ్నం మా ఆవిడ కాఫీ గ్లాసు బల్లమీద పెడుతూ తెరవైపు చూసింది. ఆమె పల్నాటి పిల్ల.

“ఏమండీ, దాని తాడు చూశారా?”

“చూశాను. పొడుగ్గా వున్నది.”

“ఆ పక్కన తుప్పుపట్టిన పనిముట్టు ఏదో పడివున్నదిగా. మా ఊళ్ళో మేకను ఏ బండిచక్రం పక్కనో కట్టేస్తే, పరిగెత్తి పరిగెత్తి తాడు దానికే చుట్టేసుకొని కదల్లేక అరుస్తూ వుండేది. దాన్ని అటు పరిగెత్తించండి.”

నేను ఆ పనిముట్టుమీద నొక్కాను. జార్జ్ అటు బయలుదేరగానే మేక వచ్చి కుమ్మింది. మరో నాలుగుసార్లు ప్రయత్నించాను. నాలుగుసార్లూ కుమ్మింది. “చూశావా, నీ పల్నాటి శాస్త్రం ఐర్లండులో చెల్లదు” అన్నాను. ఆమె జవాబు చెప్పకుండా వంటింట్లోకి వెళ్ళింది.

ఆదివారం రాత్రి పదకొండు దాటిన తరువాత, ఇంట్లో అందరూ నిద్రపోయారని నిశ్చయం చేసికొని, నేను చేయకూడని పని చేశాను. ఇంటర్నెట్‌లో జవాబు వెతికాను. ప్రతి సంవత్సరం మొదటి క్లాసులో, “గైడు పుస్తకం ముట్టుకొన్నవాడు నా క్లాసుకు రానక్కర లేదు” అని గర్జించే మనిషినే నేను! జవాబు ఇది: ముందుగా నిచ్చెన దిగబోయి మేకచేత ఒకసారి కుమ్మించుకోవాలి. జార్జ్ లేవగానే, మేక తన చోటికి మళ్ళీ చేరుకోకముందే, చప్పున ఆ పనిముట్టువైపు పరిగెత్తించాలి. మేక వెంటబడుతుంది. దాని తాడు ఆ ఇనుములో చిక్కుకొంటుంది. దారి ఖాళీ.

అంటే మా ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. లోపమల్లా తొందరలోనే వున్నది. అంతవరకు ఈ ఆట నన్ను ఎక్కడా తొందరపడమనలేదు. ఎంతసేపు ఆలోచించినా ఏమీ అనలేదు. ఉన్నట్టుండి ఇక్కడ మాత్రం క్షణాలు లెక్కపెట్టింది. లెక్కపెడుతున్నట్టు ముందుగా చెప్పనూ లేదు.

సోమవారం నుంచి కనబడినవాళ్ళనల్లా ఈ మేక సంగతి అడగసాగాను. హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న నా పాత విద్యార్థి ఒకడు హాస్టలు రోజుల్లో ఈ ఆట ఆడాడట. “అది మోసమండీ మాస్టారూ! నాకు ఉపాయం తట్టింది. ఒకసారి చేసి చూసి, కుదరకపోయేసరికి తప్పు ఉపాయమనుకొని వదిలేశాను. సరైన జవాబును తప్పనిపించే ముడి మంచి ముడి కాదు” అన్నాడు. ఆటను తిట్టేవాళ్ళలో చాలామంది మాట ఇదే.

మా కాలేజీలో ఫిజిక్సు చెప్పే మిత్రుడు దీనికి ఒప్పుకోలేదు. “తాడు కనబడుతున్నది. ఇనుము కనబడుతున్నది. మేక స్వభావం తెలిసిందే. ప్రయోగం ఒకసారి విఫలమైతే సిద్ధాంతాన్ని పారేస్తామా? మళ్ళీ చేసి చూడాలి. అది గెలిచిన రోజున కలిగిన ఆనందం మిగతా ఆటంతటిలో కలగలేదు” అన్నాడు. మెచ్చుకొనేవాళ్ళ మాట ఇది.

మా అమ్మాయి స్నేహితురాలొకతె 2009లో వచ్చిన కొత్త కూర్పు ఆడింది. అందులో ఈ ముడిని సులభం చేశారు, ఆ తొందర లేదు. “ఇంత గొడవ ఎందుకో నాకు అర్థం కాలేదు అంకుల్” అన్నది. పాపం, ఆ పిల్లకు మేక ఎవరో తెలియదు! 2024లో మరొక కూర్పు వచ్చింది. దానిలో కథను సాఫీగా చూడదలచినవాళ్ళకు సూచనలిచ్చే పద్ధతి ఒకటి, అవి అక్కరలేదనే మొండివాళ్ళకు పాత పద్ధతి ఒకటి పెట్టారు. తిట్టినవాళ్ళ మాటా, మెచ్చినవాళ్ళ మాటా తయారుచేసినవాళ్ళు చెవిని పెట్టారన్నమాట.

ఈ మేకకు తోబుట్టువు లాంటి పిల్లి ఒకటి వున్నది. 1999లో వచ్చిన మూడో ‘గేబ్రియల్ నైట్’ ఆటలో కథానాయకుడికి ఒక మోటారు సైకిలు కావాలి. అది స్నేహితుడి పేర వున్నది. కాబట్టి ఆ స్నేహితుడిలా వేషం వేయాలి. అందుకు ఒక పిల్లిని కన్నంలోగుండా పరిగెత్తించి, అక్కడ అంటించిన టేపుకు దాని బొచ్చు పట్టుకొనేటట్టు చేసి, ఆ బొచ్చును తీపి పాకంతో మూతికి అంటించుకొని మీసం చేసికోవాలి. ఇంతకూ ఆ స్నేహితుడికి మీసమే లేదు! అందుకని అతడి పాసుపోర్టు దొంగిలించి, అందులోని ఫొటోకు కూడా మీసం గీయాలి. 2000లో ఎరిక్ వోల్పా అనే విమర్శకుడు ఈ మీసాన్ని పట్టుకొని, ఇటువంటి ఆటలను ఎవరూ చంపలేదు, అవే ఆత్మహత్య చేసికొన్నాయన్న ధోరణిలో చీల్చి చెండాడాడు.

నాకు మాత్రం మేకకూ పిల్లికీ చాలా దూరం కనిపించింది. పిల్లి మీసం ఎవరి బుద్ధికీ అందేది కాదు. మేక తాడు మా ఆవిడకు కాఫీ పెట్టి వెళ్ళే రెండు నిమిషాల్లో అందింది. మన అవధానాల్లో సమస్య ఇచ్చేవాళ్ళకు ఈ తేడా బాగా తెలుసు. సమస్య చూడగానే అసాధ్యమనిపించాలి. పూరణ విన్న తరువాత, “అరే, ఇంతేనా!” అనిపించాలి. పూరణ విన్నాక కూడా అసాధ్యంగానే వుంటే తప్పు పృచ్ఛకుడిది.

మరి చిక్కుకొన్నవాడికి సాయం చేయవచ్చునా, కూడదా? మౌసు రాకముందే ఈ ప్రశ్నకు చక్కని సమాధానం చెప్పినవాళ్ళున్నారు. ఆ రోజుల్లో మాటలు టైపు చేస్తేనే ఆట కదిలేది. అమెరికాలో ఇన్ఫోకామ్ అనే సంస్థ అటువంటి ఆటలు చేసేది. 1982లో ‘డెడ్‌లైన్’ అనే హత్య పరిశోధన కూడా ఆ సంస్థే చేసింది. వాళ్ళు 1980ల తొలి సంవత్సరాలలో ‘ఇన్విజిక్లూస్’ అనే సూచనల పుస్తకాలు అమ్మారు. ప్రశ్న మామూలు అక్షరాల్లో వుంటుంది. దానికింద జవాబులు కంటికి కనబడని సిరాతో అచ్చువేసి వుంటాయి. ప్రత్యేకమైన కలంతో రుద్దితే పైకి తేలుతాయి. మొదటి వరుస రుద్దితే చిన్న సూచన. చాలకపోతే రెండో వరుస, అది ఇంకాస్త స్పష్టం. చిట్టచివరి వరుసలో పూర్తి జవాబు. ఎంత రుద్దాలో చదువరి ఇష్టం. ముందే తొంగిచూసేవాళ్ళను తికమక పెట్టటానికి ఆటలో లేని సంగతులమీద దొంగ ప్రశ్నలు కూడా కలిపేవారు! గైడు పుస్తకానికీ గురువుకూ వున్న తేడా ఇదే కదా అనిపించింది.

ఇక్కడిదాకా వచ్చిన తరువాత నా సంగతి చెప్పక తప్పదు.

ఆ మూడు రోజులూ కంప్యూటరు పక్కనే డిగ్రీ రెండో సంవత్సరం వాళ్ళ పరీక్ష కాగితాల కట్ట పడివున్నది. కాలేజీలో మేమే పెట్టుకొనే చిన్న పరీక్ష. ఛందస్సులో ఒక పద్యపాదానికి గణవిభజన చేసి పేరు చెప్పమన్నాను. అయిదు మార్కులు. మంగళవారం రాత్రి దిద్దటానికి కూర్చొన్నాను. ఒక అమ్మాయి కాగితంలో ఆ ప్రశ్న దగ్గర పేజీ నిండా కొట్టివేతలే. గురులఘువులు తప్పులేకుండా గుర్తించింది. వాటిని మూడేసి అక్షరాలుగా విడదీసి భ ర న అని సరిచూసింది, కుదరలేదు. న జ భ అని చూసింది, కుదరలేదు. శార్దూలమూ మత్తేభమూ కూడా ప్రయత్నించి, అన్నీ కొట్టివేసి, చివర “రాలేదు” అని వ్రాసింది. నేను సున్న వేయబోయాను.

కలం ఆగిపోయింది. నేను ఇచ్చిన పాదం ఆటవెలది. దానికి సూర్యగణాలు, ఇంద్రగణాలు కావాలి. ఆ పాఠానికి నేను ఇంకా రానే లేదు. అంతవరకు చెప్పింది వృత్తాలు మాత్రమే. నిరుడు వ్రాసుకొన్న ప్రశ్నాపత్రాన్నే చూడకుండా మళ్ళీ ఇచ్చాను. పరీక్ష రోజున ఆ అమ్మాయి లేచి నిలబడి, “మాస్టారూ, ఈ ప్రశ్న మనం చదివిన దాంట్లో లేదండీ” అన్నది. “కూర్చో అమ్మా. బుర్ర వుపయోగించు” అన్నాను. క్లాసంతా నవ్వింది. ఆమె కూర్చొన్నది. గంటసేపు నా మేకచేత కుమ్మించుకొన్నది.

అప్పుడు నాకు మొదట జ్ఞాపకం వచ్చింది ఆమె తప్పు కాదు, నాలుగుసార్లు కుమ్మించుకొని నేను ఆ ఆటను తిట్టిన తిట్లు.

బుధవారం క్లాసులో ఆ ప్రశ్న తప్పుగా ఇచ్చానని చెప్పి, అందరికీ అయిదు మార్కులూ వేస్తున్నానన్నాను. వెనుక బెంచీలవాళ్ళు బల్లలు చరిచారు. ఆ అమ్మాయి చరచలేదు. క్లాసు అయిన తరువాత వచ్చి, “మార్కులు సరేనండీ, అసలు అది ఏ పద్యమండీ?” అని అడిగింది. పేరు చెప్పబోయి నోరు మూసికొన్నాను. “మూడేసి అక్షరాలుగా కాక, రెండూ మూడూ నాలుగూ కూడా గణాలు కావచ్చుననుకొని చూడు” అన్నాను. గురువారం ఉదయం నేను హాజరు పట్టీ తెరవకముందే, “ఆటవెలదండీ!” అన్నది.

ఇంటికి వచ్చి ఈ సంగతంతా మా ఆవిడకు చెప్పాను. విని, “మీ ఆటలో ఆ మేక ఇంకా అక్కడే చిక్కుకొని వున్నదా?” అన్నది.

“ఆ. మేము కిందికి దిగి వెళ్ళిపోయాం.”

“ఎవరైనా తాడు విప్పారో లేదో పాపం” అన్నది.