ఏటేటా కొని తెచ్చుకునే వసంతం

మన తెలుగునాట వసంతమంటే మామిడి చిగురు, వేపపూత, కోయిల కూత. రాజధానిలో అది కాస్త ముందుగా, మాఘమాసంలోనే అడుగుపెడుతుంది. ఇటీవలి సంవత్సరాలలో దానికొక కొత్త లాంఛనం కూడా ఏర్పడింది. విదేశీ దౌత్య కార్యాలయాలు కొలువున్న శాంతిపథ్‌లో, ఫిబ్రవరి రాగానే, రంగురంగుల తులిప్ పూలు బారులు తీరి నిలుస్తాయి. న్యూఢిల్లీ మునిసిపల్ కౌన్సిల్ 2023లో అక్కడ తొలి తులిప్ ఉత్సవం జరిపింది. జి-20 కూటమికి భారతదేశం అధ్యక్షత వహించిన సంవత్సరమది. విదేశీ అతిథుల కన్నులకు విందు చేయాలన్నది పాలకుల సంకల్పం. విందు జరిగిన మాట వాస్తవం. అయితే ఆ పూల గడ్డలు లక్షకు పైగా నెదర్లాండ్స్ నుంచి దిగుమతి అయినవనీ, మరుసటి ఏడు మళ్ళీ తెప్పించుకోవలసి వచ్చిందనీ గమనించినప్పుడు, ఆ అందం వెనుక ఉన్న ప్రశ్న ముందుకు వస్తుంది. ఒకసారి కొన్న గడ్డ రెండవ వసంతానికి ఎందుకు పనికిరాదు?

ఇందుకు అధికారులను నిందించి ప్రయోజనం లేదు. కారణం ప్రకృతిలోనే ఉంది. వృక్షశాస్త్రజ్ఞులు లశునమని పిలిచే ఈ గడ్డ మన ఉల్లిగడ్డ వంటిదే. మొక్క తనకోసం తాను నింపుకున్న గాదె. తులిప్‌లో మరుసటి ఏటి పువ్వు అంతకు ముందరి వేసవిలోనే గడ్డ లోపల రూపు దిద్దుకుంటుంది. అది కాడ సాచి వెలికి రావాలంటే సుమారు 12 నుంచి 16 వారాల చలి కావాలి. ఢిల్లీ చలికాలం ఎంత వణికించినా అంతకాలం నిలవదు. అందువల్ల గడ్డలను ముందుగానే శీతలీకరించి ఇక్కడ నాటుతారు. పువ్వు వాడిన తరువాత ఆకులు మరికొన్ని వారాలు పచ్చగా ఉంటేనే గాదె తిరిగి నిండుతుంది. డచ్చి రైతులు గడ్డ బలిసేందుకు పువ్వులను తలలు తుంచి పారవేయడం కూడా ఇందుకే. కాని మార్చి ఎండలకు ఢిల్లీలో ఆకు త్వరగా మాడిపోతుంది. మిగిలేవి పూయలేని పిల్ల గడ్డలు.

తులిప్‌కున్నంత ఆర్భాటం లేని చిన్న గడ్డలు అనేకం ఉన్నాయి. నీలి ద్రాక్షగుత్తి వంటి మస్కారి, నేలను అంటిపెట్టుకుని విచ్చుకునే క్రోకస్ ఆ కోవలోనివి. వీటికీ చలి కావలసిందే. కాగితంలో చుట్టి కొన్ని వారాలు ఫ్రిజ్‌లో ఉంచి, డిసెంబరులో నాటేవారు కద్దు. అయితే పక్కన ఆపిల్ పండ్లు ఉండరాదు. పండ్ల నుంచి వెలువడే వాయువు లోపలి మొగ్గను చంపివేస్తుంది. ఇంత శ్రమ పెట్టనిది నర్గీస్. గుత్తులుగా పూసే ఈ సువాసనల పువ్వుకు గడ్డకట్టే చలితో పని లేదు. నా కుండీలలో నేను నమ్ముకున్నది దీనినే. ఇసుక కలిపిన మట్టిలో, గడ్డ ఎత్తుకు రెండు మూడింతల లోతున, మొన పైకి ఉండేటట్లు అక్టోబరు చివర నాటాలి. పూత ముగిసినా ఆకు కోయరాదు. ఆకు తనంత తాను పండిన తరువాత నీరు ఆపి, గడ్డలు తవ్వి, గాలి తగిలే నీడలో భద్రపరచాలి. లేకున్నచో వర్షాకాలం వాటిని కుళ్ళబెడుతుంది.

ఇక ఈ గడ్డలకు సహజమైన నేల మన దేశంలో లేదా? ఉన్నది. 1620 నాటి వసంతాన్ని కాశ్మీరులో గడిపిన జహంగీరు చక్రవర్తి, అక్కడి వారు కొయ్య ఇళ్ళ కప్పులపై మన్ను పరచి తులిప్ గడ్డలు నాటుతారనీ, అవి ఏటేటా పూస్తాయనీ తన స్మృతులలో వ్రాసుకున్నాడు. భూర్జపత్రాల పొరపై మట్టి పరచిన కప్పులవి. చలికాలమంతా మంచు దుప్పటి, వేసవిలో నీరు నిలవని పొడి నేల. గడ్డ కోరేది సరిగ్గా ఇదే. శాస్త్ర పరిభాష ఎరుగని గృహస్థులు ఆ రహస్యాన్ని కప్పుపై నిలుపుకున్నారు. కాలక్రమాన రేకుల కప్పులు వచ్చి ఆ మట్టి తోటలను దాదాపు తుడిచిపెట్టాయి. కాశ్మీరీలు యెంబర్జల్ అని పిలిచే నర్గీస్ మాత్రం వారి హృదయాలలో చెక్కుచెదరలేదు. దీనానాథ్ నాదిమ్ 1953లో రచించిన కాశ్మీరీ సంగీత రూపకంలో నాయిక ఆ పువ్వే.

జబర్వాన్ కొండల పాదాన, దాల్ సరస్సుకు ఎదురుగా 2007లో ఆరంభమైన ఇందిరాగాంధీ స్మారక తులిప్ ఉద్యానం నేడు లక్షలాది పూలతో యాత్రికులను ఆకర్షిస్తున్నది. పర్యాటకంపై ఆధారపడిన ఆ లోయకు అది తెచ్చిన మేలు తక్కువది కాదు. అయితే తులిప్‌లు ఇళ్ళ కప్పులపై తమంత తాము పూసిన ఆ గడ్డకే విదేశీ గడ్డలు దిగుమతి కావడం చరిత్ర చేసిన పరిహాసం.

ఆశకు తావు లేకపోలేదు. హిమాచల్‌లోని పాలంపూర్‌లో ఉన్న హిమాలయ జైవ వనరుల సాంకేతిక సంస్థ, లాహౌల్ శీతల లోయలో పెంచిన గడ్డలతో 2022లో తులిప్ తోటను ప్రజలకు చూపించింది. పంపోర్ రైతులు కుంకుమపువ్వు దుంపలను తరతరాలుగా కాపాడుకుంటూ వస్తున్నారు. అది శరదృతువులో పూసేదే అయినా, దుంపను ఏడాది పొడుగునా పోషించే విద్య మన రైతుకు కొత్త కాదనడానికి అదే సాక్ష్యం. కొదవ పడినది నేల కాదు, నేర్పూ కాదు. చిన్న గడ్డ పూతకు రావడానికి పట్టే రెండు మూడేళ్ళు పెట్టుబడితో కనిపెట్టుకుని ఉండగల ఓపిక. ఉత్సవాలకు ఏటా నిధులు మంజూరు చేసే ప్రభుత్వాలు ఎత్తయిన లోయలలో గడ్డలు పెంచే రైతుకు ముందుగానే ధర, కొనుగోలు హామీ ఇవ్వగలిగితే, రాజధాని వీధుల వెంట పూసే వసంతంలో కొంతైనా మనదవుతుంది. గడ్డను నిలుపుకోలేని పూదోట ప్రదర్శన అనిపించుకుంటుందే గాని సేద్యం అనిపించుకోదు.