కోరింత దగ్గు క్రిమి టీకాల మధ్య ఎలా మారుతోంది?



"మా పాపకు టీకాలన్నీ వేయించాం, అయినా కోరింత దగ్గు వస్తుందా డాక్టరుగారూ?" అని తల్లులు అడుగుతుంటారు. మరికొందరు పేపర్లో చదివి, "అమెరికాలో టీకా వేయించుకున్న పిల్లలకే వచ్చిందట, ఇక టీకా దండగే కదా" అంటారు. మొదటి ప్రశ్నకు జవాబు, రావచ్చు. రెండో మాట మాత్రం తప్పు. ఎందుకు తప్పో తెలియాలంటే ఆ క్రిమి సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి.

కోరింత దగ్గును కలిగించేది బోర్డెటెల్లా పెర్టుసిస్ అనే బాక్టీరియా. 1906లో బ్రస్సెల్స్ నగరంలో జూల్స్ బోర్డె, ఆక్టావ్ జాంగూ అనే శాస్త్రజ్ఞులు దీన్ని వేరుచేసి చూపించారు. రోగి దగ్గినప్పుడు పడే తుంపరల ద్వారా ఇది మరొకరి గొంతులోకి చేరి, శ్వాసనాళం లోపలి పొరను అంటిపెట్టుకుని విషాన్ని వదులుతుంది. అప్పుడు పిల్లవాడు ఊపిరి తిప్పుకోలేనంతగా తెరలు తెరలుగా దగ్గి, చివర కూతలాంటి శబ్దంతో గాలి పీలుస్తాడు. చాలాసార్లు వాంతి కూడా అవుతుంది.

దీనికి టీకాలు రెండు రకాలు. మొదటిది హోల్ సెల్ టీకా. ఇందులో చంపిన క్రిమి మొత్తం ఉంటుంది. కనుక మన శరీరం దాని భాగాలన్నిటినీ చూసి గుర్తుపెట్టుకుంటుంది. అయితే ఈ టీకా వేసినప్పుడు తొడ వాచడం, జ్వరం రావడం ఎక్కువ. జపానులో 1975లో ఈ టీకా తర్వాత ఇద్దరు పిల్లలు మరణించడంతో జనం భయపడి టీకాలు మానేశారు. ఫలితంగా 1979లో అక్కడ పదమూడు వేలమందికి పైగా జబ్బుపడ్డారు, 41 మంది చనిపోయారు. ఆ తర్వాత 1981లో జపాను వారు రెండో రకాన్ని, అంటే ఏసెల్యులార్ టీకాను తెచ్చారు. ఇందులో క్రిమి మొత్తం ఉండదు, శుద్ధిచేసిన ఒకటి నుండి అయిదు భాగాలు మాత్రమే ఉంటాయి. జ్వరం తక్కువ. 1990లలో అమెరికా, ఆ తర్వాత అనేక ధనిక దేశాలు దీనికి మారాయి.

ఈ టీకాల్లో చాలావాటిలో ఉండే ఒక భాగం పేరు పెర్టాక్టిన్. ఇది క్రిమి ఒంటిమీద ఉండి, శ్వాసనాళానికి అతుక్కోవడంలో దానికి సాయపడే ప్రొటీను. ఇప్పుడు ఒక ఊరిని ఊహించుకోండి. దొంగలందరికీ మీసాలు ఉంటాయని పోలీసులకు చెప్పారు. పోలీసులు మీసాలున్న దొంగలను పట్టుకుపోతారు. పుట్టుకతోనే మీసం రాని దొంగ ఒకడుంటే వాడు మిగిలిపోతాడు, వాడి సంతతే ఊరంతా నిండుతుంది. ఇక్కడ ఏ దొంగా తెలివిగా మీసం గీసుకోలేదని గమనించండి. క్రిమికి తెలివి లేదు. అది రెండుగా చీలేటప్పుడు దాని జన్యువుల్లో అక్కడక్కడా తప్పులు దొర్లుతాయి. వాటిలో ఎక్కువ తప్పులు దానికే నష్టం. పెర్టాక్టిన్ తయారీ చెడిపోయే తప్పు మాత్రం, అందరి ఒంట్లో పెర్టాక్టిన్‌ను పసిగట్టే రక్షణ ఉన్న చోట దానికి లాభమైంది.

ఆస్ట్రేలియాలో 2008లో సేకరించిన క్రిముల్లో పెర్టాక్టిన్ లేనివి నూటికి 5 మాత్రమే. 2012కల్లా అవి నూటికి 78 అయ్యాయి! అమెరికాలోనూ ఇదే జరిగింది. అన్నీ ఒకే క్రిమి సంతతి కావు. వేర్వేరు చోట్ల వేర్వేరు రకాల తప్పుల వల్ల అదే ఫలితం వచ్చింది. దీనికి తిరుగు సాక్ష్యం కూడా ఉంది. జపానులో 2005-2007 మధ్య నూటికి 41 క్రిములకు పెర్టాక్టిన్ లేదు. 2012 చివర్లో పెర్టాక్టిన్ లేని టీకా వాడకంలోకి వచ్చాక, 2014-2016 నాటికి అలాంటి క్రిములు నూటికి 8కి తగ్గాయి. పోలీసులు మీసం చూడటం మానేస్తే మీసమున్నవాళ్ళే మళ్ళీ పెరిగారన్నమాట.

మరి టీకా ఓడిపోయిందా? లేదు. టీకాలో అసలు ముఖ్యమైనది క్రిమి విషానికి వ్యతిరేకంగా కలిగే రక్షణ. ఆ విషాన్ని వదులుకున్న క్రిములు చాలా అరుదు. పెర్టాక్టిన్ లేని క్రిమి సోకినా, టీకా వేయించుకున్న బిడ్డకు జబ్బు రాకుండానో తీవ్రం కాకుండానో ఆ రక్షణ కాపాడుతుంది. అమెరికాలో 2012లో 48,277 కేసులు నమోదు కావడానికి క్రిమి మారడం ఒక్కటే కారణం అనలేం. ఏసెల్యులార్ టీకా ఇచ్చే రక్షణ కొన్నేళ్ళకే తగ్గిపోవడం అంతకన్నా పెద్ద కారణమని నాకు తోస్తుంది. పైగా, బబూన్ కోతులపై చేసి 2013లో ప్రకటించిన పరిశోధనలో, ఈ టీకా పొందిన కోతులకు జబ్బు రాలేదు గానీ, గొంతులో క్రిమి పెరిగి పక్క కోతులకు అంటింది.

ఇక మన సంగతి. మన దేశంలో ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితంగా వేసేది హోల్ సెల్ టీకాయే. 6, 10, 14 వారాలకు పెంటావాలెంట్, తర్వాత 16-24 నెలల మధ్య ఒకటి, 5-6 ఏళ్ళకు ఒకటి డి.పి.టి. బూస్టర్లు. ఈ టీకా వాడిన దేశాల్లో కూడా క్రిమి కొంత మారకపోలేదు. కానీ క్రిమి మొత్తాన్ని చూపించే టీకా నుండి ఒక్క భాగం మార్చుకుని తప్పించుకోవడం దానికి కష్టం. "నొప్పి లేని టీకా వేయించాం" అని కొందరు గొప్పగా చెబుతుంటారు. అది చెడ్డదేమీ కాదు. అయితే ఉచిత టీకా తక్కువరకమని మాత్రం అనుకోవద్దు. ఒక రాత్రి జ్వరం వచ్చిందని తర్వాతి మోతాదు ఎగ్గొట్టవద్దు. నర్సమ్మ చెప్పిన మోతాదులో పారాసెటమాల్ చుక్కలు వేస్తే సరిపోతుంది.

అన్నిటికన్నా ప్రమాదం ఆరు వారాలు నిండని పసికందుకు. వాళ్ళకింకా టీకా పడలేదు. వాళ్ళకు అంటించేది చాలాసార్లు ఇంట్లోవాళ్ళే. వారాల తరబడి పొడిదగ్గుతో తిరిగే నాన్నో, అమ్మమ్మో. పెద్దవాళ్ళలో కూత వినిపించకపోవచ్చు. ఇంగ్లండులో 2012 అక్టోబరు నుండి గర్భిణీలకే టీకా ఇస్తున్నారు. తల్లి రక్షణ కడుపులోని బిడ్డకు చేరుతుంది. మన ప్రభుత్వ కేంద్రాల్లో గర్భిణీలకు ఇచ్చే టి.డి.లో ధనుర్వాతం, కంఠసర్పి ఉన్నాయి గానీ కోరింత దగ్గు లేదు. అది కూడా ఉన్న టిడాప్ టీకాను ఏడో నెల నుండి వేయించుకోవచ్చు. మీ డాక్టరుగారిని అడగండి.

మందుల షాపులో అడిగి యాంటీబయాటిక్ కొనుక్కోవద్దు. అజిత్రోమైసిన్ వంటి మందులకు లొంగని కోరింత దగ్గు క్రిములు చైనాలో ఇప్పటికే బాగా వ్యాపించాయి. గాడిద పాలు పట్టినా, తాయెత్తు కట్టినా ఈ క్రిమి చావదు.

నెలల బిడ్డ కోరింత దగ్గులో కూత వేయకపోవచ్చు, దగ్గు కూడా పెద్దగా రాకపోవచ్చు. ఊపిరి ఆగి ఆగి తీస్తున్నా, పెదవులు నీలంగా మారినా, దగ్గి పాలన్నీ కక్కేస్తున్నా అర్ధరాత్రయినా సరే, తెల్లారనిద్దామని ఆగకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకురండి.